ఆరువందల పన్నెండు వాక్యాలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. అడక్కపోయినా చెబుతారు. కాబట్టి ఇది చదివి నాకు నీతులు చెప్పడానికి ఎవరూ బయలుదేరక్కర్లేదు. ఆ శనివారం నా కోపం ఏం నిర్వాకం చేసిందో నాకు బాగా తెలుసు.

మా అక్కకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీసేశాక మనిషి తింటుంది, తిరుగుతుంది, పనికి కూడా వెళ్లొచ్చు. గొంతు మాత్రం ఉండదు. ఎవరి గొంతు? బట్టల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు లైన్ సూపర్‌వైజర్‌గా ఉండి, అరవై కుట్టుమిషన్ల మోత మీదుగా అరిచి పని చేయించిన గొంతు. అక్కడ ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ "మైకు". ఇంట్లో మా అక్క రహస్యం చెబితే పక్కవాటావాళ్లు "అవునా?" అనేవాళ్లు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ ఉంది. గొంతు బాగున్నప్పుడే కొన్ని వందల వాక్యాలు చదివించి రికార్డు చేసిపెట్టుకుంటే, ఒక సాఫ్ట్‌వేర్ ఆ గొంతును నేర్చుకుంటుందట. తర్వాత టాబ్లెట్‌లో ఏది టైపు చేసినా అచ్చం ఆ మనిషిలాగే పలుకుతుందట. వాక్యాల జాబితా కూడా ఆవిడే ఇచ్చింది. మొత్తం ఆరువందల పన్నెండు.

నేను అక్కా బావలతోనే ఉంటాను, కంప్యూటర్ పని కాబట్టి అది నా నెత్తిన పడింది. నేను పుస్తకాలకు పేజీలు కట్టే డీటీపీ పని చేస్తాను. ఇంట్లో ఉన్న కంప్యూటర్ నేనే బిగించుకున్నాను. మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, మూతపడ్డ ఆఫీసువాళ్లు వదిలించుకున్న క్యాబినెట్ ఒకచోట, ఇలా ఏడాది పాటు ఏరి తెచ్చి కట్టాను. దాని జోలికి ఇంకెవరైనా వస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో ప్రతి స్క్రూ నేను తిప్పిందే.

రెండు నెలల పాటు రోజూ సాయంత్రం చిన్నగదిలో కూర్చున్నాం. కిటికీకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేశాం. అక్కకు ఆ జాబితా అంటే చిరాకు.

"'దయచేసి తలుపు మూయండి.' ఏమే, నా జన్మలో నేను దయచేసి అన్నానా?"

"ఉన్నది ఉన్నట్టు చదువక్కా."

"తలుపెయ్యవోయ్, మొహం చూస్తావేం! ఇలా అంటేనే కదా నేను అన్నట్టు?"

"సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాదక్కా! మళ్లీ చదువు!"

ఇలా ఒక్కో వాక్యం దగ్గర ఒక్కో తగువు. నవ్వు దొర్లినవీ తిట్టు దొర్లినవీ నేను ఎప్పటికప్పుడు తీసేసి, జాబితాలో ఉన్నవి ఉన్నట్టు చదివినవే ఉంచాను. చివరి వాక్యం అయిన రోజు అక్క కుర్చీలోంచి లేచి, "పీడా వదిలింది" అని చేతులు దులుపుకుంది. సరిగ్గా పది రోజులకు ఆ గొంతు పోయింది. లోపల వాపు పెరిగి గరగరమనే శబ్దం ఒకటి మిగిలింది, ఇటుకను గోడకేసి రుద్దినట్టు. దగ్గరికి వెళ్లి వినాలి. అంటే ఆ ఆరువందల పన్నెండూ మళ్లీ రావు. ఉన్నవల్లా నా కంప్యూటర్లో ఉన్నవే.

ఇక్కడ మా అక్క అలవాటు ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఒక రూలు ఉంది: సీటులో మనిషి లేకుండా మిషన్ ఆన్‌లో ఉంటే, ఎవరు చూసినా వెంటనే స్విచ్ కట్టేయాలి. మోటారు తిరుగుతుండగా ఎవరి చెయ్యి తగిలినా సూది వేలిలోంచి దిగిపోతుంది. అక్క కళ్ల ముందు అలా రెండుసార్లు జరిగింది. దాంతో ఆ రూలు ఆమె ఒంట్లోకి ఎక్కిపోయింది. ఇంట్లో కూడా అంతే. బావ మంచినీళ్లకు లేచి వచ్చేసరికి టీవీ ఉండదు. "సీటు ఖాళీగా ఉంది, కట్టేశాను" అంటుంది. బావ మళ్లీ వేసుకుంటాడు. బావ వ్యాన్ నడుపుతాడు, మాట తక్కువ. మా ఇంట్లో ఇంకొకరు మాట్లాడ్డానికి సందు ఎక్కడుంది కనక?

ఇంక ఆ శనివారం సంగతి. ఆపరేషన్ వచ్చే వారం అనుకున్నాం. శుక్రవారం సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోన్: మంచం ఖాళీ అయింది, రేపు సాయంత్రం అయిదింటికల్లా చేరండి, ఎల్లుండి పొద్దున్నే ఆపరేషన్. నాకు మిగిలింది ఒక్క పూట. గొంతు నేర్చుకునే ఆ సాఫ్ట్‌వేర్ లినక్స్ అనే ఇంకో సిస్టమ్ మీద మాత్రమే నడుస్తుంది, నా కంప్యూటర్లో ఉన్నది విండోస్. రెండూ పక్కపక్కనే ఉండేలా ఎక్కించాలి. అదేం బ్రహ్మవిద్య, రేపు చేద్దాం ఎల్లుండి చేద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. అక్క లోపలికి వెళ్లేముందు ఒక్కసారైనా తన గొంతు టాబ్లెట్‌లోంచి పలకడం వినాలి, "ఇది నేనే" అనాలి. నాకు కావలసింది అదొక్కటే.

బ్యాకప్ తీయలేదా అంటారు కదూ. తీశాను. ఒక పెన్‌డ్రైవ్‌లో మొత్తం పెట్టాను. శనివారం పొద్దున లినక్స్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ కావలసి వచ్చింది, ఇంట్లో ఉన్నది అదొక్కటే. కంప్యూటర్లో ఎలాగూ ఉన్నాయిగా, గంటలో పని అయిపోతుంది, తర్వాత మళ్లీ కాపీ చేసుకోవచ్చు అని దాన్ని తుడిచేసి అందులో లినక్స్ పెట్టాను. ఆఫీసులో ఫైలు పోగొట్టుకుని వచ్చినవాళ్లను "రెండోచోట పెట్టుకోవాలని తెలీదా" అని కడిగిపారేసే మనిషిని నేను.

పదకొండింటికి మొదలుపెట్టాను. హార్డ్‌డిస్కులో ఉన్నవాటిని ఒక పక్కకు జరిపి, రెండో పక్క లినక్స్‌కు చోటు చేయాలి. స్క్రీన్ మీద గీత మెల్లగా కదులుతోంది. ఎంతసేపవుతుందో తెలియదు. ఆస్పత్రివాళ్లు రాసిచ్చిన మందులు తేవాలి కదా అని ఈలోగా సందు చివర మందుల షాపుకు వెళ్లాను. వెళ్తూ అక్కకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు ఒక్క వరస. మొదలవడానికి ఏ సిస్టమూ దొరకలేదు అని దాని అర్థం. ఎక్కించడం అయిపోయి తనంతట తానే మళ్లీ మొదలైంది, మొదలయ్యే దగ్గర ఏదో తేడా కొట్టింది అనుకున్నాను. ఇలాంటివి నేను ఎన్ని చూడలేదు!

కంప్యూటర్ దేన్నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ ఆర్డర్ చూశాను. హార్డ్‌డిస్కే మొదట ఉంది. పాత పద్ధతిలో పెట్టి చూశాను, కొత్త పద్ధతిలో పెట్టి చూశాను. అవే తెల్లటి అక్షరాలు. క్యాబినెట్ విప్పి కేబుల్ తీసి మళ్లీ గుచ్చాను. ర్యామ్ తీసి, దాని పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది పెట్టాను. బోర్డు మీద బటన్ బ్యాటరీ పీకి మళ్లీ పెట్టాను. నిజానికి వీటిలో సగానికి దీనితో సంబంధమే లేదు. చెయ్యి ఖాళీగా ఉంటే భయం వేస్తుందని చేశాను.

గుమ్మంలో అక్క నిలబడింది. చేతిలో మడత పెడుతున్న తువ్వాలు.

"ఒసే, ఒక మాట..."

"ఉండక్కా."

"అది కాదే, ఇందాక నువ్వు..."

"అక్కా! పనిలో ఉన్నాను కనబడ్డం లేదా?"

అక్క తువ్వాలు పట్టుకుని వెళ్లిపోయింది.

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి హార్డ్‌డిస్కు చూశాను. విండోస్ ఉండాల్సిన చోట "తెలియదు" అని ఉంది. ధైర్యం చెప్పుకున్నాను: గుమ్మం పాడయింది అంతే, ఇల్లు లోపల అలాగే ఉంటుంది. మొదలయ్యే భాగాన్ని బాగుచేసే ప్రోగ్రాం ఒకటి ఉంది, దాన్ని నడిపాను. కాలేదు. ఖాళీగా కనిపిస్తున్న చోట లినక్స్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. అయిపోయాక మొదలుపెట్టాను. తెల్లటి అక్షరాలు. ఇంకోసారి ఎక్కించాను.

అక్క మళ్లీ వచ్చింది. ఈసారి నా భుజం మీద చెయ్యి వేసింది.

"వినవే. నేను..."

"ఏంటక్కా నీ గోల! బ్రష్షు సర్దావా, బట్టలు సర్దావా అని నన్నడక్కు. బావనడుగు!"

హాల్లోంచి బావ అన్నాడు, "మీ అక్క ఏదో చెబుతోంది, కాస్త విను."

"బావా, మీరు కూడానా? రోజంతా నోరు విప్పరు, ఇప్పుడే విప్పాలా?"

బావ సంచి సర్దడానికి వెళ్లిపోయాడు.

రెండున్నరయింది. నా బట్టలు వీపుకు అంటుకుపోయాయి. మూడోసారి ఎక్కిస్తున్నాను. వెనకాల గరగరమని అక్క గొంతు సవరించుకోవడం వినిపించింది. ఏదో అనబోయింది. నేను వెనక్కి తిరగలేదు.

"నీకు దణ్ణం పెడతానక్కా. కాసేపు నోరు మూసుకో."

ఆ మాట అన్నది నేనే. రేపటి తర్వాత నోరు విప్పినా శబ్దం రాని మనిషితో. అన్న క్షణంలోనే నాకు తెలిసింది, ఏం మాట అన్నానో. అయినా తిరగలేదు. తిరిగితే ఏడుస్తాను, ఏడిస్తే పని ఆగిపోతుంది అనుకున్నాను. మంచం కిర్రుమంది. అక్క కూర్చున్నట్టుంది. ఆ తర్వాత గంటసేపు ఆమె చప్పుడు లేదు.

మూడోసారి కూడా కాలేదు. అప్పుడు ఒప్పుకున్నాను నా వల్ల కాదని. ఆస్పత్రికి వెళ్లే దారిలో హార్డ్‌డిస్కులు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. క్యాబినెట్‌ను పాత దుప్పట్లో చుట్టి వ్యాన్‌లో పెట్టాను. ఒళ్లో అక్క ఆస్పత్రి సంచి, కాళ్ల దగ్గర కంప్యూటర్. అక్క కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా బయటికే చూసింది.

ఇరుకు గది. గోడ నిండా అరలు, అరల నిండా డిస్కులు, ఒక్కోదానికి కాగితం చీటీ. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "మొదటినుంచి చెప్పండమ్మా. ఏదీ వదలొద్దు" అన్నాడు. చెప్పాను.

"జరుపుతుండగా మధ్యలో కరెంటు పోయిందా?"

"లేదు."

"ఎవరైనా ఆపారా?"

"లేదండీ! చెప్పాను కదా, నేను వచ్చేసరికి..."

పెద్దాయన నా వైపు చూడ్డం లేదు. నా వెనక్కి చూస్తున్నాడు. తిరిగి చూశాను. మా అక్క, అరవై మంది మీద అరిచిన మనిషి, బళ్లో పిల్లలా చెయ్యి ఎత్తి నిలబడి ఉంది.

"నేనే," అంది. ఆ గదిలో ఫ్యాన్ లేదు కాబట్టి వినబడింది. "గదిలోకి వెళ్లాను. సీటు ఖాళీగా ఉంది. మిషన్ ఆడుతోంది. చెయ్యి దానంతటదే వెళ్లి కట్టేసింది. కట్టేశాక గుర్తొచ్చి వెంటనే వేశాను. అదే మళ్లీ ఆన్ అయింది. ఏం కాలేదులే అనుకున్నాను."

కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకున్నది నేను. ప్రతిసారీ వంగి బటన్ నొక్కడం ఎందుకని, తెలివిగా.

పెద్దాయన తల ఊపాడు. "సామాను మోస్తుండగా మధ్యలో ఆగిపోయిందన్నమాట. సగం అటు, సగం ఇటు. అప్పుడే ముట్టుకోకుండా తెచ్చుంటే రెండు పక్కల నుంచీ ఏరేవాణ్ని, చాలావరకు దొరికేవి." కాస్త ఆగాడు. "దాని మీద కొత్తగా ఎన్నిసార్లు ఎక్కించారన్నారు?"

"మూడుసార్లు."

ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. డిస్కును తన మిషన్‌కు తగిలించి ఏదో నడిపాడు. అరగంటకు స్క్రీన్ మీద పేర్లు రావడం మొదలైంది. 001, 002, 003. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 612 దాకా అన్నీ వచ్చాయి! బావ నా చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన మొదటిదాన్ని నొక్కాడు.

బుస్‌మని మోత. రెండోది, అదే మోత. నూరోది, రెండువందల యాభయ్యోది, చివరిది. పేర్లు మిగిలాయి, లోపల అక్క లేదు.

"ఫ్యాక్టరీలా ఉంది," అంది అక్క. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వలేదు.

డిస్కు ఉంచి వెళ్లండి, ఇంకో దారి ఏదైనా ఉందేమో చూస్తాను, ఆశ మాత్రం పెట్టుకోవద్దు అన్నాడు. ఆ డిస్కుకు కూడా ఒక చీటీ అంటించాడు. మేం ఆస్పత్రికి వెళ్లాం.

వార్డులో ఆరు మంచాలు. అక్కది కిటికీ పక్కది. బావ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కిందికి వెళ్లాడు. అక్క మంచం మీద కూర్చుంటూనే దుప్పటి అంచు తిప్పి చూసి, "ఈ కుట్టు ఎవడు వేశాడే, మా లైన్లో అయితే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని" అంది. అప్పటిదాకా ఆపుకున్నది నాలోంచి తన్నుకొచ్చింది.

"చెప్పొచ్చు కదా అక్కా! ఇంట్లోనే చెప్పొచ్చు కదా!"

"చెప్పబోయాను."

"గట్టిగా చెప్పాలి! పుట్టినప్పటి నుంచి నా మాట ఒక్కటి విన్నావా నువ్వు? నోరు మూసుకోమంటే ఇవాళే మూసుకున్నావా?"

అక్క నా మొహం వంక చూసింది. కోపం లేదు. కోపమున్నా నేను తట్టుకునేదాన్ని.

"ఇదివరకైతే నీ అరుపు మీద అరిచి చెప్పేదాన్నే," అంది. "ఇవాళ నీ గొంతే పెద్దదే."

నేను మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఫోను తీశాను. ఉన్న గొంతునైనా రికార్డు చేద్దామని బటన్ కోసం వెతికాను. అక్క ఫోన్ తీసుకుని దిండు కింద పెట్టేసింది.

"అది వింటే తప్ప నువ్వు వినవా?"

విన్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లను పంపించే గంట కొట్టేదాకా అక్క మాట్లాడుతూనే ఉంది. పెద్ద విషయాలేం కావు. బావకు బీపీ మాత్ర రాత్రి కాదు పొద్దున వేయాలని. గ్యాస్ పొయ్యి రెండో బర్నరు వైపు పైపు వదులైందని. తన లైన్లో కొత్తగా చేరిన అమ్మాయి కాలరు బాగా కుడుతుంది, దాన్ని ఎవరూ భయపెట్టొద్దని ఫ్యాక్టరీలో చెప్పమని. చిన్నప్పుడు నా జడ కత్తిరించింది తనేనని, ఎలుక కొరికిందని ఇన్నాళ్లూ తను చెప్పింది అబద్ధమని. ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటోంది. నేను ముందుకు వంగి, చెవి ఆమె నోటికి దగ్గరగా పెట్టి కూర్చున్నాను.

తర్వాత అక్క ఆగింది. "ఏమే, ఏదైనా మాట్లాడవే. నువ్వు ఇలా ఉంటే బాగోలేదు."

పొద్దుటి నుంచి అరిచిందాన్ని, ఒక్కటంటే ఒక్క మాట బయటికి రాలేదు. అక్కా అనబోతే అది కూడా రాలేదు. అక్క కాసేపు చూసి, పోనీలే అన్నట్టు నా మోకాలి మీద తట్టింది.

గంట కొట్టారు. నేను సంచి తగిలించుకుని లేచాను. అక్క కూడా లేచింది, గుమ్మం దాకా వస్తానని. పక్క మంచం ఖాళీగా ఉంది. దానిమీద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. నడుస్తూనే అక్క చెయ్యి దానంతటదే గోడమీద స్విచ్ దగ్గరికి వెళ్లింది. వెళ్లి, అక్కడే ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"కట్టెయ్యనా?" అని అడిగింది.

ఇరవయ్యారేళ్లలో ఆ మాట ఆమె ఎవరినీ అడిగి ఉండదు. నేను తల ఊపాను. అక్క స్విచ్ కట్టేసి, వెనక్కి వెళ్లి తన మంచం మీద కూర్చుంది. మర్నాడు మేం వెళ్లేసరికే లోపలికి తీసుకెళ్లిపోయారు. అక్క గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే.